మూత్రపిండాల గార్లకు మెమో

శ్రీయుత మూత్రపిండాల గార్లకు,

నడుముకి చెరోపక్కన, ఒక్కొక్కరూ సుమారు 150 గ్రాముల ఒళ్లేసుకుని, 11 ఏళ్లుగా నా టీచరుద్యోగాన్ని నిలబెడుతున్నది మీరేనని నాకు తెలుసు. అయినా ఈ మెమో మీకే. మీరు సర్దుకుపోతున్నారు. మరీ అన్యాయంగా సర్దుకుపోతున్నారు.

మా స్కూల్లో లేడీ టీచర్లం పద్నాలుగు మందిమి, బాత్రూంలు రెండు. ఒకదానికి గొళ్లెం లేదు, కాబట్టి బయట ఇంకో టీచర్ కాపలా ఉండాలి, అంటే ఇద్దరికీ ఒకేసారి లీజర్ దొరకాలి. రెండోది బాగుంటుంది, టైల్స్ కూడా వేశారు, దానికి తాళం. తాళంచెవి విరిగిన చెక్క స్కేలుకి కట్టి ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతుంటుంది. అది కావాలంటే అక్కడ కూర్చున్న నలుగురు మగాళ్ల మధ్య నుంచి వెళ్లి, స్కేలు చేత్తో పట్టుకుని, మళ్లీ వాళ్ల ముందు నుంచే రావాలి. దానికన్నా నీళ్లు తాగకపోవడం సుఖం. పొద్దున్న నింపుకెళ్లిన లీటరు బాటిల్ సాయంత్రం నిండుగానే ఇంటికొస్తుంది, తులసికోటలో పోస్తాను. మా తులసి ఎంత ఏపుగా ఉందంటే, ఏం ఎరువు వేస్తున్నారని పక్కింటివాళ్లు అడుగుతారు.

ఇంత జరుగుతుంటే మీరు ధర్నా చేయాలి కదా. చేయరు. రోజుకి 180 లీటర్లు వడగట్టి, మూడింట రెండు వంతులు మీ సన్నగొట్టాల మొదటి మలుపులోనే ఏమీ అడక్కుండా రక్తానికి తిరిగిచ్చేసి, మిగిలినదాన్ని హెన్లీ శిక్యం అనే U ఆకారపు గొట్టంలోకి దింపుతారు. (శిక్యం అంటే ఉట్టి అని క్లాసులో చెప్తే ఒకడు "వెన్న ఎక్కడుంటుంది టీచర్" అన్నాడు. వెన్న కాదురా, ఉప్పు.) అందులో దిగే గొట్టం నీళ్లని వదులుతుంది, ఎక్కే గొట్టం నీళ్లని పోనివ్వకుండా ఉప్పుని మాత్రం బయటకి తోస్తుంది. రెండూ ఎదురెదురుగా ఇదే పని చేసీ చేసీ మీ లోపలి పొరల్లో ఉప్పు పోగవుతుంది, పారేయాల్సిన యూరియాని కూడా కొంత ఆ పోగులోనే కలుపుకుంటారు, అట్టడుగుకి వెళ్లేసరికి అది రక్తం కన్నా నాలుగు రెట్లు చిక్కన. మాగాయ ముక్కలు ఉప్పులో వేస్తే ఊట ఎలా దిగుతుందో, ఆ పొరల గుండా మూత్రాన్ని పోగుచేసుకుని పోయే సంగ్రహణ నాళంలోంచి నీళ్లు అలా ఊరిపోతాయి. ఆ ఊటే మీరు మళ్లీ రక్తంలో దాచేది.

ఊరాలంటే నాళానికి తలుపులు తెరుచుకోవాలి. రక్తం చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ దిగి తెరిపిస్తుంది. ఇలాంటి నీటి తలుపులను కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ కూడా ఇచ్చారు. మీ తాళంచెవిని ఎవరూ చెక్క స్కేలుకి కట్టలేదు, అదృష్టవంతులు. మూడో పీరియడ్‌కి నాలుక పిడచగట్టుకుపోయి, "రోజూ సరిపడా నీళ్లు తాగాలి" అని బోర్డు మీద రాసి కింద గీత గీస్తుంటానా, అక్కడ మీరు తలుపులన్నీ బార్లా తీసి చుక్కచుక్కా వెనక్కి లాగుతుంటారు.

దాంతో ఏమైంది? బాత్రూం గురించి అడిగితే మేనేజ్‌మెంట్ "ఇన్నేళ్లూ గడిచింది కదమ్మా" అంది. గడిపింది మీరు! వాళ్లు మిగుల్చుకున్న డబ్బు మీ చాకిరీలోంచి మిగిలిందే. బస్సెక్కే ముందు గొంతు కూడా తడుపుకోని ఆడవాళ్లందరి కిడ్నీలదీ ఇదే కథ. మీకూ ఓ హద్దు ఉందని ఎవరికీ పట్టదు. ఎంత పిండినా రోజుకి అరలీటరు దాకా పోవాల్సిందే, లేకపోతే ఒంట్లో చెత్త బయటకి పోదు. అమెరికా ఎడారుల్లో కంగారూ ఎలుక అని ఒకటుంది, నీళ్లు తాగకుండా గింజలు తినే బతికేస్తుంది, దాని మూత్రం మనదాని కన్నా నాలుగైదు రెట్లు చిక్కబడగలదు. అది గానీ బీఎడ్ చేసి ఉంటే మా ఉద్యోగాలు ఎప్పుడో పోయేవి.

పోయినేడు మీలో కుడివైపాయన పెసరగింజంత రాయి చేశాడు. డాక్టరమ్మ స్కాన్ చూసి "నీళ్లు తాగరా?" అంది. "టీచర్నండీ" అన్నాను. "ఓహో" అని రాసుకుంది, ఇంకేం అడగలేదు.

ఇంకో ఫిర్యాదు. మొన్న తనిఖీకి వస్తున్నారని పొద్దున్నే రెండో బాత్రూం తాళం తీసేశారు. కొత్త మగ్గు, స్టిక్కర్ కూడా పీకని బకెట్, గులాబీరంగు సబ్బు. పండగే అనుకుని పదకొండింటికి లీటరు నీళ్లు గటగటా తాగేశాను. మీరేమో రూల్సు మాట్లాడారు: రక్తం పలచబడిందని పైకి తెలియాలి, వాసోప్రెసిన్ తగ్గాలి, తెరిచిన తలుపులు మూసుకోవాలి. ముప్పావు గంట! వచ్చినవాళ్లు అరగంటలో టీ తాగి, సంతకాలు పెట్టి, కారెక్కేశారు. నేను పరుగున వెళ్లేసరికి ఆయా తాళం వేస్తోంది. సబ్బు అప్పటికే కవర్లో పెట్టేసింది.

మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వగలరు.

ఇట్లు,
పదో తరగతి బయాలజీ టీచర్