జుట్టు సంగతి సరే, పదో రోజు జ్వరం సంగతేంటి?

మా పిన్నికి చెన్నైలో కీమో మొదలైనప్పుడు ఇంటిల్లిపాదికీ జుట్టు ఊడిపోతుందనే దిగులు. నెల్లూరు నుంచి రావడం, లాడ్జిలో దిగడం, మందు ఎక్కించుకుని మర్నాడు రైలెక్కేయడం. పదో రోజు జ్వరం, నోరంతా పూత. మందు వేడి చేసిందిలే అని మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఒక పారాసెట్మాల్ ఇచ్చి రెండ్రోజులు ఊరుకున్నాం. అలా ఊరుకోకూడదు అండీ, అది ప్రాణం మీదికి వచ్చే పని.

అది వేడి కాదు. కీమోలో వాడే చాలా మందులకి క్యాన్సర్ కణమేదో మన కణమేదో తెలీదు, గబగబా ఒకటి రెండయ్యే కణం ఏది దొరికినా దెబ్బ కొడతాయి, అందుకే జుట్టు కుదుళ్లు, నోటి పొర, పేగుల పొర, అన్నిటికన్నా ముఖ్యంగా ఎముకల్లో మజ్జ. ఎర్ర కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి లోటు వెంటనే తెలీదు, కానీ ఇన్ఫెక్షన్‌ని ఆపే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు రోజూ కొత్తవి పుట్టాల్సిందే. మజ్జ పని ఆగితే చాలా మందులకి 7 నుంచి 14 రోజుల మధ్య వాటి కౌంట్ అడుగంటుతుంది, అప్పుడొచ్చే జ్వరం ఇన్ఫెక్షన్‌ది కావచ్చు. చాలా సైకిల్స్‌కి, అంటే కీమో విడతలకి, 21 రోజుల గ్యాప్ పెట్టేది మజ్జ తేరుకోడానికే.

మన భీమవరంలో పుట్టి ఇదే చెన్నైలోని మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని సిడ్నీ ఫార్బర్ అనే అక్కడి డాక్టర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితాలు ప్రచురించారు. అది ఫోలిక్ యాసిడ్‌లా కణంలో దూరి డీఎన్ఏ తయారీకి అడ్డం పడుతుంది. ఫోలిక్ యాసిడ్ మంచి కణానికీ కావాలి కదా, చిక్కంతా అక్కడే. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ని పెద్ద డోసులో ఇస్తే మంచి కణాల్ని కాపాడ్డానికి వెనకాలే ల్యూకోవోరిన్ అనే విరుగుడు మందు ఇస్తారు.

గబగబా రెండయ్యే కణాలకే దెబ్బ అనే లెక్క అన్నిటికీ సరిపోదు లెండి, నరాల కణాలు రెండవ్వవు, అయినా పాక్లిటాక్సెల్ అనే కీమో మందుతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

నా కోపమల్లా డిశ్చార్జ్ కాగితం మీద. 100.4 డిగ్రీలు దాటితే వెంటనే రమ్మని అందులో ఉంది, ఇంగ్లీషులో, మూడో పేజీ చివర. నెల్లూరు, చిత్తూరు నుంచి ఇంతమంది వస్తుంటే ఆ ఒక్క ముక్క తెలుగులో, పెద్దక్షరాల్లో రాసివ్వలేరా?

పిన్నిని అడ్మిట్ చేసి యాంటీబయాటిక్స్ పెట్టారు, కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్లు వేశారు, తర్వాతి సైకిల్ వారం వెనక్కెళ్లింది. ఇప్పుడు ఆవిడ సంచిలో థర్మామీటర్ ఉంటోంది, క్యాలెండర్‌లో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా బాబాయి ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టాడు.