సిక్కోలు పిల్లలు విదేశంలో ఇమడలేరట!

వారం రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. "శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఫారిన్ యూనివర్సిటీల్లో ఎందుకు నిలదొక్కుకోలేరు" అని హెడ్డింగు, దాని కింద ఐదు పాయింట్లు, చివర్లో 'పదిమందికి పంపండి'. ఊరు దాటి ఎరగరు, ఇంగ్లీషు రాదు కాబట్టి బెదిరిపోతారట. మొదటి మూడు నెలలు హాయిగానే ఉంటుందట, కష్టం ఆ తర్వాతేనట. తెలుగువాళ్లకి దూరంగా ఉంటేనే బాగుపడతారట. పార్ట్ టైం చేస్తే ఫీజు కూడా వచ్చేస్తుందట. ఇక చదువంటారా, అసైన్‌మెంట్లన్నీ సీనియర్ల దగ్గర రెడీగా ఉంటాయట.

మా మావయ్య దీన్ని మా పిన్ని కూతురికి విడిగా మళ్లీ పంపాడు. అది ఆగస్టులో అమెరికా వెళ్తోంది. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి "అక్కా, ఏటి చెయ్యమంటావు, వెళ్లనా మాననా" అంది. ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి వెళ్లి అక్కడ ఎమ్మెస్ చేసి వచ్చినదాన్ని నేను. దానికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, మావయ్య కూడా చదువుతాడని.

ఊరు దాటి ఎరగమా? మన ముత్తాతల తరం ఓడెక్కి బర్మా వెళ్లింది కదా మావయ్యా. రంగూన్‌ని 'రంగం' అనేవారు, మన ముసలమ్మలకి ఆ మాట ఇప్పటికీ తెలుసు. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, జపాన్ వాళ్లు వచ్చిపడినప్పుడు చాలామంది అడవుల్లోంచి కాలినడకన తిరిగొచ్చారు. ఈ రోజుకీ పలాస స్టేషన్‌కి వెళ్లి చూడండి, చెన్నైకో హైదరాబాదుకో మూటలతో ఎంతమంది రైలెక్కుతున్నారో. వలస మనకి కొత్త కాదు, కాకపోతే ఈసారి మూట బదులు రెండు సూట్‌కేసులు.

ఇంగ్లీషు సంగతి. టోఫెలో ఐఈఎల్టీఎస్సో, ఏదో ఒక ఇంగ్లీషు పరీక్ష స్కోరు చూసే కదా సీటిచ్చారు. మొదటి రెండు వారాలు షాపుల్లో కౌంటర్ దగ్గర వాళ్లు ఏమడిగారో తెలియక అన్నిటికీ 'ఎస్' అన్నమాట నిజమే, అక్కర్లేని సంచులు చాలా కొన్నాను. చెవి అలవాటు పడ్డాక అదీ పోయింది. క్లాసులో నా యాసని ఎవరూ పట్టించుకోలేదు, మా ప్రొఫెసరే చైనా నుంచి వచ్చినాయన, ఆయన యాస ఆయనది. నా యాసకి నవ్విందెవరో తెలుసా? మా రూమ్మేట్లు. వాళ్లూ తెలుగువాళ్లే, వేరే జిల్లాలవాళ్లు. అమ్మతో ఫోన్లో "ఏటమ్మా, ఏటి వండేవు" అంటే చాలు, పక్క గదిలోంచి "ఏటి ఏటి" అని వెక్కిరింపు వచ్చేది. నెల రోజులు బాల్కనీలోకి వెళ్లి మాట్లాడాను. తర్వాత చలి మొదలైంది, బాల్కనీ తలుపు తీయలేని చలి, ఇక సిగ్గు మానేసి హాల్లోనే మాట్లాడ్డం మొదలుపెట్టాను. సంక్రాంతి నాటికి ఆ వెక్కిరించిన అమ్మాయే "ఏటే, తిన్నావా" అనేది!

'మొదటి మూడు నెలలు హాయి' అన్నదాన్ని మెసేజ్‌లో సైన్స్ అని రాశారు. ఎక్కణ్నుంచి ఎత్తారో తెలుసు. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాలో ఉండి వచ్చిన 200 మంది నార్వే స్కాలర్లని అడిగి, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉన్నవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డారనీ, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లూ ఎక్కువ ఉన్నవాళ్లూ బాగానే సర్దుకున్నారనీ రాశాడు. ముందు సంతోషం, మధ్యలో దిగులు, మళ్లీ సర్దుకోవడం అనే బొమ్మ అలా పుట్టింది. కానీ అది అందరినీ తిరిగొచ్చాక అడిగిన లెక్క. 1998లో వచ్చిన ఇంకో పరిశోధనలో, న్యూజీలాండ్ వెళ్లిన జపాన్ విద్యార్థులని దిగిన ఒక్క రోజులోపే మొదలుపెట్టి వరసగా అడుగుతూ వెళ్తే, దిగులు మొదట్లోనే ఎక్కువని తేలింది. నాకైతే రెండో లెక్కే సరిపోయింది. మొదటి రాత్రి నేలమీద దుప్పటి పరుచుకుని పడుకుని ఏడ్చాను, మొదట్లో ఉంటుందన్న ఆ హాయి ఎక్కడా కనపడలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 'మొదట్లో అందరికీ బాగుంటుంది' అని నమ్మి వెళ్లిన పిల్ల మొదటి వారమే ఏడుపొస్తే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది.

నవంబరులో ఇంకో దెబ్బ, దీన్ని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ నెల మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మా యూనివర్సిటీ ఉన్నచోట మనకీ వాళ్లకీ తేడా పదిన్నర గంటల నుంచి ఒక్క రాత్రిలో పదకొండున్నర అయిపోయింది, అమ్మ ఫోన్ చేసే టైంకి నేను క్లాసులో ఉండేదాన్ని. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అరసవల్లి సూర్యనారాయణమూర్తిని రోజూ తలుచుకున్నది ఆ డిసెంబరులోనే.

తెలుగువాళ్లకి దూరంగా ఉండమన్నది సగం నిజం. ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లిందీ, పాత పరుపు ఇచ్చిందీ, బ్యాంక్ అకౌంట్ తెరిపించిందీ తెలుగు సీనియర్లే, వాళ్లని వదులుకుంటే ఎవరు నష్టపోతారు? ఇంట్లో వాళ్లతో ఉండి, క్లాసులో గ్రూప్ ప్రాజెక్టుకి మాత్రం వేరేవాళ్లతో కలిస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదమైన పాయింటు పార్ట్ టైం. నా పాయింటల్లా ఇదీ: విద్యార్థి వీసా వచ్చేదే మొదటి ఏడాది ఫీజుకీ ఖర్చుకీ డబ్బుందని కాగితాలు చూపిస్తే. అక్కడికెళ్లి పనిచేసి ఫీజు కడతానంటే ఆ కాగితాలు ఎందుకు చూపించినట్టు? అమెరికాలో క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే చేయాలి. క్యాంపస్ బయట మామూలుగా మొదటి విద్యా సంవత్సరంలో అసలు కుదరదు, తర్వాతైనా అనుమతి ఉండాలి. గంటకి 10 డాలర్లు అనుకోండి, వారానికి 200, నెలకి 800 చిల్లర. అదీ ఉద్యోగం దొరికితే, లైబ్రరీలో ఒక్క పోస్టు పడితే వందమంది అప్లై చేసేవాళ్లం అనిపించేది. నాకు క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని రెండో సెమిస్టర్‌లో దొరికింది. అద్దెలో నా వాటా, సరుకులు, ఫోన్ బిల్లు గడిచాయి, ఫీజు దరిదాపుల్లోకి కూడా రాలేదు. మిగతా దేశాలూ గంటలు లెక్కపెట్టేవే: బ్రిటన్‌లో డిగ్రీ చదివేవాళ్లకి వారానికి 20, కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ బయట 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48.

అనుమతి లేకపోయినా బంకులోనో హోటల్లోనో పని చేయించుకుని క్యాష్ ఇస్తారని కొందరు వెళ్తారు. పట్టుబడితే వీసా స్టేటస్ పోతుంది, యజమాని జీతం ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేరు. ఇటు ఊళ్లో లోన్ ఉంటుంది. చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదు అంటే వడ్డీ ఆగిందని కాదు, అది రోజూ పెరుగుతూనే ఉంటుంది. మా నాన్నకి ఈ ముక్క అర్థమయ్యేసరికి ఏడాది గడిచింది. ఇంటి మీద తాకట్టు ఉన్నప్పుడు ఇలాంటి మెసేజ్ పంపడం తమాషా కాదు మావయ్యా.

ఇక సీనియర్ల అసైన్‌మెంట్లు. ఇక్కడ ఇంజనీరింగ్‌లో నేను రాసిన రికార్డులన్నీ సీనియర్ల రికార్డులు చూసి దింపినవే, లెక్చరర్లకీ తెలుసు, అందరికీ తెలుసు. అదే చేత్తో అక్కడ మొదటి అసైన్‌మెంట్‌లో ఒక వెబ్‌సైట్ నుంచి రెండు పేరాలు ఎత్తి పెట్టాను. దొంగతనం అని నాకు తట్టనే లేదు, బాగా రాసినవాడి మాటలు వాడాను అనుకున్నా. వాళ్లు మనం పెట్టే ఫైల్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు, పాత విద్యార్థులు ఇచ్చినవాటితో కూడా పోలుస్తుంది, అంటే సీనియర్‌ది దింపినా పట్టేస్తుంది. ప్రొఫెసర్ నుంచి మెయిల్ వచ్చింది, వచ్చి కలవమని. నాకు చేతులు వణికాయి. ఆయన అరవలేదు, రెండు పేరాలకీ పసుపు రంగు పూసి చూపించి, ఎవరి మాట ఎక్కడ ఎలా చెప్పాలో అరగంట కూర్చోబెట్టి చెప్పాడు. మార్కు మాత్రం సున్నా. రెండోసారి జరిగితే కమిటీ ముందుకు వెళ్తుంది అన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం ఆయన ఆఫీస్ అవర్స్‌కి వెళ్లాను. విద్యార్థులు వచ్చి అడగడానికనే వాళ్లు టైం రాసి పెడతారు, మన పిల్లలే 'సార్ ఏమనుకుంటారో' అని వెళ్లరు.

ఆ పసుపు రంగు పీడీఎఫ్ నా దగ్గర ఇంకా ఉంది. నిన్న రాత్రే చెల్లికి పంపాను. మావయ్యకి కూడా పంపాను, బ్లూ టిక్ పడింది, జవాబు ఇంకా లేదు.