ట్రాలీకి ప్లై ఎక్కువున్న టైర్లు వేస్తే లోడు పెంచవచ్చా?

తాడిపత్రి, అనంతపురం, కడప వైపు ట్రాక్టరు యజమానుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ట్రాలీకి ప్లై ఎక్కువున్న టైర్లు వేస్తే లోడు పెంచుకోవచ్చనీ, ఎండాకాలంలో గాలి కాస్త తగ్గించి కొడితే టైరు పేలదనీ, గ్రిప్పు బాగుంటే టైరు వయసు చూడనక్కరలేదనీ, నత్రజని నింపితే ఏ భయమూ లేదనీ దాని సారాంశం. ఈ మాటల్లో మొదటి రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవి కనుక వాటిని వివరంగా ఖండించక తప్పదు.

ప్లై సంఖ్య అనేది నేడు టైరులోని పొరల లెక్క కాదు, దాని బలానికి కొలత మాత్రమే. అదే సైజులో 16 ప్లై టైరు 14 ప్లై టైరు కన్నా ఎక్కువ బరువు మోయడానికి కారణం, అది ఎక్కువ గాలిని తట్టుకోగలగడం. కాబట్టి కొత్త టైరులో పాత గాలే కొడితే అది మోసేదీ పాత బరువే. గాలి పెంచుదామంటే రిమ్ము అందుకు తగినదై ఉండాలి. రిమ్ము కూడా మార్చారనే అనుకుందాం. యాక్సిల్, కమాన్ పట్టీలు, హబ్బులోని బేరింగులు, ట్రాక్టరుకు తగిలించే కొక్కెం మాత్రం మునుపటివే. ట్రాలీ మోయగల బరువును నిర్ణయించేది వీటన్నిటిలో బలహీనమైన భాగమే తప్ప, అన్నిటికన్నా బలమైన టైరు కాదు.

మన ప్రాంతంలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడి సరుకు కంటిని మోసం చేస్తుంది. వేరుశనగ కట్టె తొట్టికి మించి ఎత్తుగా పేర్చినా బరువు తక్కువే. తాడిపత్రి బండలు అలా కాదు: అంగుళం మందం బండ చదరపు మీటరుకు 65 కిలోలకు పైగా తూగుతుంది, తొట్టి సగం కూడా నిండకముందే లోడు హద్దు దాటిపోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు, ఉన్నా పనిచేసేవి కొన్నే. గువ్వలచెరువు ఘాట్ వంటి దిగుడులో అలాంటి ట్రాలీ వెనక నుంచి ట్రాక్టరును తోస్తుంటే, ఎన్ని ప్లైల టైరైనా దాన్ని ఆపలేదు. ప్లై పెంచడం వృథా అని నేను అనడం లేదు. క్వారీ దారిలో రాళ్ల కోతను అది బాగా ఓర్చుకుంటుంది, పాత లోడుకే కాస్త భద్రత చేకూరుతుంది. ఆ లాభం కోసమే వేయించుకోవాలి.

గాలి తగ్గించమన్న సలహా పూర్తిగా తలకిందులైనది. తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరులో గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే పెరిగేది సుమారు 4 పీఎస్‌ఐ. తయారీదారులు ఆ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకుంటారు. గాలి తక్కువైతే మాత్రం లోడు కింద సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టుకూ లోతుగా మడతపడి విచ్చుకుంటుంది, ఆ మడతల్లోనే అసలు వేడి పుడుతుంది, లోపలి దారాలు రబ్బరు నుంచి విడిపోతాయి. మధ్యాహ్నం తారు రోడ్డుపై టైరు పేలితే ఎండను నిందిస్తాం గాని, చాలాసార్లు కారణం తక్కువ గాలి, ఎక్కువ లోడు. టైరు చల్లగా ఉన్నప్పుడే, బయలుదేరే ముందే గేజీతో కొలవాలి. దారిలో వేడి టైరు నుంచి గాలి వదలకూడదు.

వయసు సంగతికి వస్తే, లారీ టైరు తిరిగి తిరిగి అరుగుతుంది, ట్రాలీ టైరు నెలల తరబడి కళ్లంలో నిలబడే ముదురుతుంది. గ్రిప్పు కొత్తగానే కనిపిస్తుంది. వంగి, ఎండ తగిలే వైపు సైడ్‌వాల్‌ను బొటనవేలితో నొక్కి చూస్తే, రిమ్ము అంచు దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు నోరు తెరుస్తాయి. అదే సైడ్‌వాల్‌పై నాలుగు అంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. తయారై పదేళ్లు దాటిన టైరును, పైకి బాగున్నా, తీసేయమని కొన్ని టైరు కంపెనీలే చెబుతున్నాయి. సెకండ్ హ్యాండ్ టైర్లు బేరమాడేవారు ధరకన్నా ముందు ఈ ముద్ర చూడాలి.

మామూలు గాలిలో 78 శాతం నత్రజనే. నత్రజని ఒక్కటే నింపితే గాలి కాస్త నెమ్మదిగా తగ్గవచ్చు; లోడు ఎక్కువైన టైరును, పగుళ్లు పట్టిన టైరును అది కాపాడదు. దానికి పెట్టే డబ్బుతో ఒక మంచి గేజీ కొనుక్కోవచ్చు, హబ్బులు విప్పించి బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించుకోవచ్చు.