మహారాజశ్రీ తూనఙ్ క్రియాపదం గారికి

మాండరిన్, అంటే చైనా భాష, నేర్చుకునే తెలుగువాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమరు ఈపాటికి ఎవరి నోట్లోనో నానుతూ ఉంటారని తలుస్తాం.

అయ్యా, తమరి ఉద్యోగమేమిటి? ఎదుటివాడికి సరిగ్గా వినబడకుండా, విసుగ్గా, తనలో తను గొణుక్కోవడం. పెదవి కాస్త కదిపితే చాలు. ఈమాత్రం పనికి తమరి పేరు రాయాలంటే మొదటి అక్షరానికి 13 గీతలు, రెండోదానికి 25, వెరసి 38! రెండింటికీ ఎడమపక్క నోరు, అంటే చిన్న చదరం. కుడిపక్కది ధ్వని కోసం పెట్టింది: మొదటిదానికి ‘రాజధాని’, రెండోదానికి ‘సంచి’. సంచి ఒక్కదానికే 22 గీతలు. దాని మూత కింద మళ్ళీ నోళ్ళలాంటి చదరాలు రెండు, పక్కపక్కనే. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఉన్న కాపీ పుస్తకంలో ఎడమ నోటిని గడిలో మూడోవంతు దాటనిచ్చామా, సంచి పక్కగడిలోకి ఒలికిపోతుంది. ఇన్ని నోళ్ళుండీ స్పష్టంగా ఒక్క మాట రాదు తమరికి.

పలకడం మరీ అన్యాయం. గొణుగుడు మాటకి ఒకటో టోన్ (అక్షరం పలికే స్వరం) ఏమిటండీ? గొంతు పైమట్టంలో నిలబెట్టి, వణక్కుండా ‘తూ’ అనాలట. ‘నఙ్’ దగ్గర మాత్రం టోన్ వదిలేసి పొట్టిగా కిందికి జారాలి. అక్కడైనా వృత్తిధర్మం గుర్తొచ్చింది, సంతోషం. రోమన్‌లో డి కనబడగానే మావాళ్ళు ‘డూ’ అంటారు. కావలసింది ఊపిరి తగలని త. ఊపిరి తగిలి ‘థూ’ అయిందో, బట్టతల అని అర్థం! చివర గ వినబడకూడదు. వర్ణమాలలో పనీపాటా లేక కూర్చున్న మా ఙకి కొలువిచ్చారు, అందుకు మాత్రం రుణపడి ఉంటాం.

ఇక తమ దాయాదులు, అంటే తమరికి దగ్గరి అర్థమున్న మాటలు. ఇద్దరు చెవులు కొరుక్కున్నా, మనసులో శంక తొలిచినా తీకు గారు రావాలి. నీనాన్ గారిది చూరుకింద గూడు కట్టే పిట్టల కిలకిల, ప్రేమికుల ఊసులు. జీతం పెరగని గుమాస్తా సణుగుడికి ఆవిడని పిలిస్తే ఆఫీసరుకి ప్రేమలేఖ చదివినట్టుంటుంది.

సణుగుడు ఎడతెగకపోతే తమరిని రెట్టించాలి. ‘గొణిగి గొణిగి’ అన్నట్టు మాట మొత్తం రెండుసార్లు అంటే చెల్లదు. తూతూనఙ్‌నఙ్ అని అక్షరం పక్కన అదే అక్షరం. గీతలు 76.

ఫోన్‌లో ఆరు రోమన్ అక్షరాలు కొడితే మర్యాదగానే వస్తున్నారు. చేతిరాత పరీక్షకి మాత్రం తీకు గారిని పంపండి. ఆయనకి మొత్తం 22 గీతలే. అర్థం తప్పి మార్కు పోతుందంటారా? పోనీండి, 16 గీతలు మిగులుతాయి.

ఇట్లు,
గడులు నింపలేక సణుగుతున్న తమ విధేయులు