రిజాల్వ్ డాట్ కాన్ఫ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రిజాల్వ్ డాట్ కాన్ఫ్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నిన్న అక్క ఇంట్లో బావగారి ముందు జరిగిన మర్యాద తరువాత ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. కుశలం తమరి ఒక్కరిదే.

లినక్స్ కంప్యూటర్‌లో, వెబ్‌సైట్ల చిరునామాలు ఏ సర్వర్‌ను అడగాలో రాసి ఉంచే ఫైలు తమరు. ఆరు నెలల క్రితం నేను తమరిని కోరింది ఎంత? ఒక్క వరుస. ప్రకటనలను అడ్డుకోవడానికి మా ఇంట్లో చిన్న డీఎన్ఎస్ సర్వర్, అంటే వెబ్‌సైట్ పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పేది, పెట్టుకున్నాను. దాని చిరునామా 192.168.1.10. ఉబుంటు అనే లినక్స్‌లో తమరిని తెరిచి, "నేమ్‌సర్వర్" అన్న మాట పక్కన ఆ అంకెలు రాశాను. సాయంత్రానికి చెరిగిపోయింది. మళ్ళీ రాశాను. కంప్యూటర్ ఆపి తెరిచేసరికి మళ్ళీ 127.0.0.53. ఊళ్ళో ఎవరిని అడగాలయ్యా అంటే నిన్ను నువ్వే అడుగు అన్నట్టు, నా కంప్యూటర్‌కు నా కంప్యూటర్ చిరునామాయే ఇచ్చారు. వేదాంతానికి బాగుంటుంది. కరెంటు బిల్లు కట్టడానికి పనికిరాదు.

అప్పుడు తెలిసింది, తమరు ఉత్సవ విగ్రహమని. ఈటీసీ డైరెక్టరీలో కొలువైనది ఒట్టి లింకు, అంటే వేరే చోటున్న ఫైలుకు దారి చూపే గుర్తు. మూలవిరాట్టు రన్ డైరెక్టరీలో, పేర్ల వెతుకులాట చూసుకునే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే ప్రోగ్రాము గర్భగుడిలో ఉంది. ఆ రన్ డైరెక్టరీ ఉండేది మెమరీలో, అంటే కంప్యూటర్ ఆపితే గుడితో సహా మాయం. అక్కడ రాయడమంటే నీళ్ళ మీద రాయడమే. పైగా మొదట్లోనే "మార్చవద్దు" అని హెచ్చరిక. మార్చకూడని దానికి కాన్ఫిగరేషన్ ఫైలు అన్న పేరెందుకో! 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించక ముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మొత్తానికి, కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ రాసిన ఒకే హోస్ట్స్ జాబితా ఉండేది. పేరు చేర్చాలంటే దాన్ని నిర్వహించే కార్యాలయానికి విన్నవించుకోవాలి. అంత తిప్పలు పడితే రాసింది రాసినట్టు ఉండేది కదా.

ఇక వైఫై వగైరా కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ గారు. ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగేవాళ్ళ కష్టం చూడలేక 2004లో రెడ్ హ్యాట్ వారు ఆయన్ని దింపారు. ఏ ఊరి వైఫైలో అడుగుపెట్టినా, అక్కడి రూటరు డీహెచ్‌సీపీలో (కొత్తగా చేరిన కంప్యూటర్‌కు సెట్టింగులు అందించే పద్ధతి) చెప్పే డీఎన్ఎస్ చిరునామాకే ఆయన జై కొడతారు. ఇంటి యజమాని మాట కంటే దారిన పోయే రూటరు మాటే ఎక్కువ ఆయనకు.

కోపం వచ్చింది. లింకును పీకేశాను. ఆ చోట అసలు ఫైలు పెట్టి, మొదటి వరుసలో మా ఇంటి సర్వర్, రెండో వరుసలో అందరికీ అందుబాటులో ఉండే డీఎన్ఎస్ సర్వర్ 1.1.1.1 రాసి, ఫైలును ఎవరూ మార్చకుండా ఆపే సీహెచ్‌ఆట్టర్ (chattr) ప్లస్ ఐ అనే తాళం వేశాను. కంప్యూటర్‌కు సర్వాధికారి అయిన రూట్ సాక్షాత్తూ దిగివచ్చినా తాళం తీయనిదే అక్షరం కదపలేడు. శిలాశాసనం చెక్కించినంత గర్వపడ్డాను. తరువాత ఆ సంగతే మరిచిపోయాను.

నిన్న అక్క ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే ప్రతి కొత్త పేజీకీ అయిదు సెకన్ల మౌనం. మధ్యాహ్నం భోజనం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా వెతికాను. "మా ఫోన్లు బాగానే ఉన్నాయిగా" అని అక్క నెమ్మదిగా అంది. అవి మొబైల్ డేటా మీద నడుస్తూ ఉంటాయని వాదించాను. బావగారు రూటరును నాలుగుసార్లు ఆపి, మళ్ళీ వేశారు. చివరికి, కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడి హోదాలో, "ఈ రూటరు పని అయిపోయింది బావగారూ" అని తీర్పు చెప్పి వచ్చాను.

రాత్రి ఇంటికొచ్చి నిన్ను తెరిచాను. అవును, నిన్నే. ఇక తమరూ లేదు, గారూ లేదు. ఎక్కడో మా ఇంట్లో ఉన్న 192.168.1.10 కోసం అక్క ఇంట్లో కూర్చుని కేకేస్తావా? పలకదని తెలిసినా ప్రతిసారీ అయిదు సెకన్లు కాచుకుని, అప్పుడు రెండోవాడి దగ్గరికి వెళ్తావా? వెయ్యిసార్లు చెరిపినవాడివి, చెరపవలసిన ఆ ఒక్కరోజూ నా మాట మీద నిలబడ్డావే! తాళం వేసింది నేనే, తెలుసు. నువ్వు చెప్పనక్కరలేదు.

తాళం తీశాను. లింకును యథాస్థానంలో ప్రతిష్ఠించాను. నెట్‌వర్క్ మేనేజర్‌లో మా ఇంటి వైఫై ఒక్కదానికే మా సర్వర్ చిరునామా ఇచ్చి, రూటరు చెప్పే డీఎన్ఎస్‌ను పట్టించుకోవద్దన్నాను. విన్నారు! కానీ ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) దారిలో అదే రూటరు మాట దొడ్డిగుమ్మం గుండా లోపలికి వచ్చింది. ఆ దారికి విడిగా చెప్పాలట. చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో మా సర్వర్, బయట ఎక్కడివాళ్ళది అక్కడ. ఆరు నెలల క్రితమే రెండు ఆజ్ఞలతో అయిపోయే పని.

ఇంతలో బావగారి ఫోను. "ఏమోయ్, నువ్వు చెప్పావని కొత్త రూటరు కొనేశాను. ఆదివారం వచ్చి నువ్వే బిగించాలి."

వెళ్తాను. ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్తాను. పేజీలు చకచకా తెరుచుకుంటాయి. అంతా కొత్త రూటరు చలవేనని అంటాను. ఆ ఒక్క పూట తమరు దయచేసి కిమ్మనకండి.

ఇట్లు,
తమరి విధేయుడు, రూట్