శాసనం ఫొటో ఒక్కటే చాలదు
ద్రాక్షారామ గుడిలో రాతి మీద చెక్కిన శాసనం ఫొటోను తరగతిలో తెర మీద చూపిస్తే పిల్లలకు చరిత్ర పట్టుబడుతుందని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాట సగమే నిజం. ఆ పాత లిపిని వాళ్లు చదవలేరు, చూసి ఊరుకుంటారు. పక్కనే ఇప్పటి లిపిలో నాలుగైదు పంక్తులు, పదాలు విడగొట్టి ఇవ్వాలి. ఎక్కువగా తప్పు దొర్లేది తేదీ దగ్గర, శాసనంలో ఉండే శక సంవత్సరాన్నే క్రీస్తు శకం అనుకుంటారు. శకం 1050 అంటే సాధారణంగా 78 కలిపి 1128. తిథి జనవరికీ ఉగాదికీ మధ్య పడితే 79 కలపాలి. ఇక ఇలాంటి శాసనాల్లో కనిపించే దానం సంగతి: గుడిలో ఆరకుండా వెలిగే అఖండ దీపానికి గొర్రెల్నో ఆవుల్నో ఎందుకిచ్చారో పిల్లల్నే తేల్చమనండి. దీపానికి నెయ్యి, నెయ్యికి పాలు, పాలకు మంద, ఆ మందను కాసే బోయలు: ఒక్క దానంలో గుడి చుట్టూ ఉన్న బతుకంతా కనిపిస్తుంది. దాత ఊరి పేరుంటే అది ఇప్పుడు ఏ మండలంలో ఉందో మ్యాపులో వెతికించండి.