సెలవు తెలియాలి, జబ్బు కాదు

గర్భస్రావమైన ఉద్యోగినికి వేతనంతో కూడిన ఆరు వారాల సెలవు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచి వస్తున్న హక్కు. అందుకు ఆమె డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది సిబ్బంది వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్‌కు చేరుతుంది. మరి మేనేజర్‌కు ఏం చేరాలి? ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆమె రాదు, సెలవు మంజూరైంది, ఆ పని ఇంకొకరికి అప్పగించండి. అంతే. కానీ చాలా ఆఫీసుల్లో ఆ సర్టిఫికెట్టే మేనేజర్ మెయిల్‌కు ఫార్వర్డ్ అవుతోంది, సీసీలో మరో ఇద్దరి పేర్లతో సహా. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె తిరిగి సీట్లో కూర్చునేసరికి ఫ్లోరంతా పరామర్శలే. తన దుఃఖాన్ని ఎవరితో పంచుకోవాలో తేల్చుకునే అవకాశం కూడా ఆమెకు మిగల్లేదు.

దీనికి విరుగుడు మేనేజర్‌కు ఏమీ చెప్పకపోవడం కాదు. కొన్నిచోట్ల హెచ్‌ఆర్ విభాగాలు ‘కాన్ఫిడెన్షియల్’ అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకుంటున్నాయి. ఆ మౌనం చివరికి ఉద్యోగి మెడకే చుట్టుకుంటుంది. డయాలసిస్‌కు వెళ్లే మనిషికి తెలియక నైట్ షిఫ్ట్ వేస్తారు, మధ్యాహ్నం మీటింగుకు రాలేదని అప్రైజల్‌లో మార్కులు కోస్తారు. అలాంటి మేనేజర్‌ను నిర్దయుడని తప్పుపట్టలేం, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ‘మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు దాటాక ఉండరు, రాత్రి డ్యూటీ వేయవద్దు, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం’ అని ముందే రాసి పంపితే సరిపోయేది. అందులో జబ్బు పేరు లేదు, మేనేజర్ చేయాల్సిన పనంతా ఉంది.

ఫ్యాక్టరీలో సంగతి కాస్త వేరు. మూర్ఛ వచ్చే కార్మికుణ్ని తిరిగే యంత్రం దగ్గర నిలబెడితే ప్రాణానికే ముప్పు. అక్కడ కూడా సూపర్‌వైజర్‌కు ముందు తెలియాల్సింది ‘ఎత్తులో, యంత్రాల దగ్గర పని వద్దు’ అన్న డాక్టరు సలహా. పడిపోతే పక్కవాళ్లు ఎలా ఆదుకోవాలో చెప్పడానికి జబ్బు పేరు అవసరమైతే, ఆ కార్మికుణ్ని అడిగి, అతను సరేనన్నాకే చెప్పాలి.

ఇది కొత్త వాదన కాదు. ఎల్‌ఐసీ తన ప్రొబేషనరీ ఉద్యోగిని ఒకరిని, నియామకం సమయంలో నింపిన పత్రంలో తప్పుడు వివరాలిచ్చారంటూ తొలగించింది. ఆ పత్రం మహిళలను నెలసరి తేదీలూ, పాత గర్భాల వివరాలూ అడిగేది. సుప్రీంకోర్టు 1991లో ఆ తొలగింపును కొట్టేసింది, అలాంటి ప్రశ్నలను పత్రం నుంచి తీసేయమంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించడానికి పాతికేళ్ల ముందు మాట అది. హెచ్‌ఐవీ సోకినవారి సమాచారానికి 2017లోనే ఒక చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. లైంగిక వేధింపుల ఫిర్యాదు విషయంలో 2013 చట్టం మరీ స్పష్టం: ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షుల వివరాలను బయటపెట్టరాదు. విచారణ సాగుతుండగా ఎవరినైనా వేరే టీమ్‌కు మారిస్తే, ఆ టీమ్ మేనేజర్‌కు బదిలీ ఉత్తర్వు చాలు. ఎందుకు వచ్చారన్నది ఆయనకు అక్కర్లేదు.

ఇప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఉద్యోగ అవసరాల కోసం ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని అందులో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని ‘ఉద్యోగి డేటా అంతా కంపెనీదే’ అని చదువుకునేవారితో మేం ఏకీభవించం. మేనేజర్ కుతూహలం ఉద్యోగ అవసరం కాదు. డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా పడొచ్చు. చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువును సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లతో సరిపెడతారేమోనన్నది మా ఆందోళన. గచ్చిబౌలి కంపెనీకి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. జిల్లా కేంద్రంలోని ప్రైవేటు స్కూలుకో, నర్సింగ్ హోమ్‌కో హెచ్‌ఆర్ అంటే లెక్కలు రాసే గుమాస్తానే, సెలవు చీటీలు వచ్చేది స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోనే. ‘జ్వరం, విరేచనాలు, రాలేను’ అని టీచరమ్మ నలభై మంది చదివేలా రాయాల్సి వస్తోంది. ప్రిన్సిపాల్ నంబరుకు విడిగా పంపమనడానికి పైసా ఖర్చు లేదు.

పెద్ద సంస్థలను మేం అడిగేది ఒక్కటి. ఉద్యోగి గురించి మేనేజర్‌కు పంపే ఆ రెండు వాక్యాల నోటును ముందు ఆ ఉద్యోగికే చూపించండి. ఈ మాట తీసేయండి అంటే ఎందుకు ఉంచాలనుకుంటున్నారో చెప్పండి, కారణం లేకపోతే తీసేయండి. మెడికల్ సర్టిఫికెట్లున్న ఫోల్డర్ ఎవరెవరికి తెరుచుకుంటుందో ఈ వారమే చూడండి. టీమ్ మారిపోయిన పాత మేనేజర్ల పేర్లు అందులో ఇంకా ఉంటే ఈరోజే తొలగించండి.